లైన్ అకౌంట్

నాకు జీతం లేదు. కొలత ఉంది.
అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి
కత్తిరించి తెల్లకాగితం మీద అంటించి
నెలాఖరుకి తిరుపతి ఆఫీసుకు పంపితే
సెంటీమీటరుకింత అని లెక్కగట్టి ఇస్తారు.
వడమాలపేట విలేకరిని. పదకొండేళ్ళుగా
ఈ మండలంలో ఏ దుఃఖం ఎంత పొడవో నాకు తెలుసు.

జూన్ నెల. బెంగళూరా కాయల ట్రాక్టర్లు
ఫ్యాక్టరీ గేటు నుంచి రెండు మైళ్ళు బారులు తీరిన వారం.
ఆ వారంలోనే ఇద్దరు కనపడకుండా పోయారు.

సంహిత. మెడిసిన్ రెండో ఏడు. తండ్రి కాంట్రాక్టరు.
ఎయిర్ బైపాస్ రోడ్డులో స్కూటీ దొరికింది, తాళం దానికే ఉంది.
రాత్రి తొమ్మిదికి డెస్కు నుంచి ఫోను:
"వాళ్ళ అమ్మమ్మ ఊరు మీ మండలమేనంట,
వెళ్ళి చిన్నప్పటి ఫొటోలు పట్టుకురా."
పట్టుకొచ్చాను. భరతనాట్యం కట్టుతో ఒకటి,
మెడలో మెడలుతో ఒకటి, కుక్కపిల్లను ఎత్తుకున్నదొకటి.
కుక్కపిల్ల పేరు కూడా రాశాను.
తప్పు పడకూడదని రెండుసార్లు అడిగి మరీ రాశాను.

చెంగమ్మ. మానికల చెంగమ్మ.
పల్ప్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు, తొక్క తీసే పని.
యానాది కాలనీ మలుపులో దింపానని ఆటో డ్రైవరు,
దిగనే లేదని పక్కన కూర్చున్న ఆమె.
ఆరు రోజుల తర్వాత వాళ్ళక్క పోలి
నన్ను వెతుక్కుంటూ టీ అంగడి కాడికి వచ్చింది.
స్టేషన్లో ఏమన్నారంటే,
"ఎవుడితోనో పోయుంటాది,
కాయల సీజను అయిపోతే అదే వస్తాదిలే అన్న్యారు సామీ."

ఫొటో ఉందా?
ఫ్యాక్టరీలో ఆయుధపూజ నాటిది. పదహారుమంది ఆడోళ్ళు.
వెనక వరసలో, ఎవరిదో భుజం చాటున, సగం ముఖం.
డెస్కు పిల్లోడు నవ్వాడు: "అన్నా, ఇందులో మనిషేది?"

మూడు సెంటీమీటర్లు వచ్చింది.
ఏడో పేజీ, మోటారు పంపుల ప్రకటన కింద.
మహిళ అదృశ్యం.
చెంగమ్మ చెంచమ్మ అయింది. 26 తిరగబడి 62 అయింది.

పేపరు కొనుక్కుని పోలి మళ్ళీ వచ్చింది. చదువు రాదు.
"యాడుంది సామీ మాయమ్మి?"
వేలు పెట్టి చూపించాను.
నా వేలి కింద వార్త మొత్తం మునిగిపోయింది.

ఆమె పేజీలు వెనక్కి తిప్పి
సంహిత ముఖం దగ్గర ఆగింది.
"ఈ పాప దొరికిందా?"
దొరికిందమ్మా. నిన్న రాత్రి. బెంగళూరులో, స్నేహితురాలి గదిలో.
"పోనీలే తల్లి.
వాళ్ళమ్మ ఈ పొద్దన్నా నాలుగు మెతుకులు తినుంటాది."

నిజంగానే సంతోషపడింది.
అది నేను ఏ పేజీకీ పంపలేదు.

సవరణ పంపాను, వెయ్యలేదు.
"వార్త కంటే సవరణ పెద్దదుంది బ్రదర్."

నెలాఖరు. స్కేలు, కత్తెర, మైదా జిగురు.
సంహిత నూట ఎనభై నాలుగు, కుక్కపిల్లతో కలిపి.
చెంగమ్మ మూడు. కత్తిరిస్తుంటే జారి
ఫ్యాను గాలికి మంచం కిందకి పోయింది.
మోకాళ్ళ మీద వంగి, సెల్లు లైటు వేసుకుని వెతికాను.
పోలి కాక ఈ మండలంలో
ఆమె కోసం ఇంకెవరన్నా వెతికారంటే, అదే.

అచ్చుకాని సవరణ:
పేరు చెంగమ్మ. ఇరవై ఆరేళ్ళు.
చామనఛాయ కాదు, నలుపు.
ఎడమ మణికట్టు మీద మామిడి సొన కాలిన మచ్చ.
ఆకుపచ్చ పూల చీర, దానిమీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా.
నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.
చేతిలో స్టీలు టిఫిను, మూత మీద
మేకుతో తనే గీసుకున్న అక్షరం: చెం.
రాయడం వచ్చింది ఆ ఒక్కటేనంట.

ఆ ఒక్కటీ మేం సరిగ్గానే వేశాం.